ఖాళీ బిళ్ళ

"ఇంట్లో అంట్లూ తనే, కాలేజీలో అంట్లూ తనే. మా కోడలికి ఎక్కడికెళ్ళినా ఒకటే ఉద్యోగం" అని మా అత్తగారు పక్కింటావిడతో అంటున్నారు. నేను సింకు దగ్గర నిలబడి మాడిన పాలగిన్నె గీకుతున్నాను. ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే మొహం మాడ్చుకుందంటారు.

ఆవిడ అన్నదాంట్లో అబద్ధమేం లేదు. మా ఆయన కాలేజీలో వృక్షశాస్త్రం లెక్చరరు. నేనూ అదే చదివాను, ఆయనకంటే మంచి మార్కులతో. పెళ్ళయ్యాక "ఇంట్లో కూచుని ఏం చేస్తావ్, ల్యాబులో కాస్త సాయం చెయ్యి" అన్నారు. ఆ కాస్త సాయానికి ఏళ్ళు గడిచిపోయాయి, జీతం మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. గోడల పక్కన దానంతటది మొలిచే మొక్క ఒకటుంది, పుండ్లకి నూరి రాస్తారు. మేం చేదాకు అనేవాళ్ళం. దాన్ని ఏరుకొచ్చింది నేను. నీడలో ఆరబెట్టి, పొడికొట్టి, స్పిరిట్‌లో నానబెట్టి, వడకట్టి రసం తీసింది నేను. ఆ చేదు నా గోళ్ళల్లోకి దిగిపోయింది. "ఏం వేశావోయ్ కూరలో, విషంలా ఉంది" అని ఆయన కంచం పక్కకి తోసేస్తే, మళ్ళీ పొయ్యి వెలిగించిందీ నేనే.

ఆ రసంతో మేం రెండు సంగతులు తేల్చాలి. మొదటిది, ఊదారంగు ద్రావణంలో రసం కలిపితే రంగు విరుగుతుందా అని. విరిగితే అందులో యాంటీఆక్సిడెంట్లు ఉన్నట్టు. విరిగింది! ఎన్నిసార్లు చేసినా ఊదా పోయి పసుపు తేలింది. సంతోషంతో నా కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఆయన కళ్ళజోడు పైకెత్తి చూసి, "రంగు మారితే ఎవడిక్కావాలోయ్? క్రిములు చావాలి. అప్పుడే మన పేరు నలుగురి నోళ్ళలో పడేది" అన్నారు.

రెండోది ఆ క్రిముల సంగతే. వాటిని గాజుపళ్ళెంలో పెంచి, రసంలో ముంచిన చిన్న కాగితం బిళ్ళని మధ్యలో పెడతాం. బిళ్ళ చుట్టూ క్రిములు పెరగకుండా వలయం ఏర్పడితే మందు పనిచేసినట్టు. కాకపోతే బిళ్ళని ముందు బాగా ఆరనివ్వాలి, స్పిరిట్ కూడా క్రిముల్ని చంపుతుంది కదా. పక్కనే ఉత్త స్పిరిట్‌లో ముంచిన ఖాళీ బిళ్ళ ఒకటి పెట్టి పోల్చుకోవాలి. ఆయనకి అంత ఓపికెక్కడిది? "అవి ఆరేదాకా ఎవడు కూచుంటాడు, పెట్టెయ్" అని తడి బిళ్ళలే పెట్టించారు. వలయాలొచ్చాయి. ఆయన ఎగిరి గంతేశారు.

నాకు మనసొప్పలేదు. ఆయన లేనప్పుడు ఖాళీ బిళ్ళ కూడా తడిగానే పెట్టి చూశాను. దాని చుట్టూ కూడా అంతే వలయం. బాగా ఆరబెట్టిన రసం బిళ్ళ చుట్టూ ఏమీ లేదు. పళ్ళేలు తెచ్చి ఆయన ముందు పెట్టాను.

"చూడండి. చంపింది ఆకు కాదు, స్పిరిట్."

"ఎవరడుగుతారు ఇదంతా? కడిగెయ్."

కడిగేశాను.

ఆ వలయాల మీద ఆయన రాసిన పరిశోధన పేపరు అచ్చయింది. మొదట ఆయన పేరు, పక్కన ఇంకో కాలేజీలో లెక్చరరైన మా మరిది పేరు. మరిది ఆ ల్యాబుకి వచ్చింది ఒకే ఒక్కసారి, ఫోను ఛార్జింగు పెట్టుకోవడానికి. నా పేరేదని అడిగితే, "వాడికి ప్రమోషనుకి పనికొస్తుంది. నీకెందుకోయ్, నువ్వేమన్నా ఉద్యోగాలు చెయ్యాలా? ఇంతకీ నా కళ్ళజోడెక్కడ?" అన్నారు. నెత్తి మీదుంది. తీసిచ్చాను. ఈ ఇంట్లో ఆయనకి ఏది కనిపించకపోయినా నావైపు ఒక చూపు చూస్తారు, అది నేను తెచ్చి చేతిలో పెట్టాలి.

ఆ రోజంతా ఏడ్చాను. సాయంత్రం అంట్లు తోముతుంటే చెయ్యి ఆగిపోయింది. నా పేరు లేనప్పుడు ఆ తప్పు కూడా నాది కాదు! రంగు విరిగిన సంగతి ఆయన పేపర్లో ఒక్క ముక్క కూడా లేదు. ఆయన వద్దనుకున్న ఆ నిజం అచ్చంగా నాది. దాన్ని శుభ్రంగా రాసి, నా ఒక్కదాని పేరుతో అచ్చుకి పంపేశాను. ఆ క్రిముల ముచ్చట మాత్రం ఆయనకే వదిలేశాను. అంతకాలం నోరు నొక్కుకుని దాచుకున్న కసి ఆ రాత్రి ఎంత తియ్యగా ఉందో, నేనే ఆశ్చర్యపోయాను.

ఇవాళ కాలేజీ హాల్లో సభ. శాఖాధిపతి కుర్చీ ఆయనకివ్వాలా వద్దా అన్నది ఆ పేపరు మీద ఆయన చేసే ప్రసంగంతో తేలుతుంది. బయటినుంచి పెద్ద ప్రొఫెసరుగారు కూడా వచ్చారు. ముందు వరసలో మా అత్తగారు, మరిది. వెనకాల టీ కప్పుల దగ్గర నేను. తెర మీద వలయాల ఫొటోలు, నేను తీసినవే. చప్పట్లు మోగాయి.

"ప్రశ్నలేమన్నా ఉన్నాయా?" అన్నారు ప్రొఫెసరుగారు.

ట్రే కింద పెట్టి చెయ్యెత్తాను.

"బిళ్ళలు ఆరబెట్టారాండీ? ఉత్త స్పిరిట్‌తో ఖాళీ బిళ్ళ పెట్టారు కదా, ఆ ఫొటో ఒకసారి చూపిస్తారా?"

మా అత్తగారు గిరుక్కున వెనక్కి తిరిగారు. ప్రొఫెసరుగారు రాస్తున్న పెన్ను పక్కన పెట్టేశారు. "అవునయ్యా, అదేదీ? అది లేకుండా చంపింది ఆకేనని ఎలా చెప్తావ్?"

ఆయన ఫొటోలు ముందుకి తిప్పారు, వెనక్కి తిప్పారు. నుదుటి మీద చెమట తుడుచుకున్నారు. తరవాత తలెత్తి, అంతమంది మధ్య నావైపు చూశారు. ఇంట్లో కళ్ళజోడు కనిపించనప్పుడు చూసే అదే చూపు.

నేను వెతికి ఇవ్వలేదు.