ఇరవై మూడు దగ్గర లేచిన గీత

డెబ్బై ఆరు ఎండాకాలం. మా మెగ్నీషియానికి ఏ దయ్యం పట్టిందో గానీ వారం రోజులు నాకు తిండి సయించలేదు.

ఉల్కలు ఎక్కడో వంద కిలోమీటర్ల ఎత్తున మండిపోతూ మెగ్నీషియం వదుల్తాయి. ఆ మెగ్నీషియం అయాన్లు అక్కడి ఓజోనుతో ఎంత త్వరగా కలుస్తాయో విజయవాడలో, మా కాలేజీ ల్యాబులో, ఓ గాజు గొట్టంలో తేల్చాలి. అదీ నా పరిశోధన. గొట్టం చివరున్న మిషను అయాన్లని బరువులవారీగా విడదీసి కాగితం మీద గీత గీస్తుంది. ఇరవై నాలుగు దగ్గర మెగ్నీషియం లేవాలి. నా ఖర్మ, ఇరవై మూడు దగ్గర సోడియం కొండంత లేచేది!

శుక్రవారం హైదరాబాదు నుంచి సంజీవరావు గారొస్తారు. నోటుబుక్కు చూసి నా ఫెలోషిప్పు ఇంకో ఏడాది ఉంచాలో పీకెయ్యాలో ఆయనే తేలుస్తారు. పీకేస్తే ఉయ్యూరెళ్లి ట్యూషన్లు చెప్పుకోవడమే.

కోపమంతా అటెండరు లాజరు మీద చూపించాను. "అన్నం తిన్న చేత్తో గొట్టం ముట్టుకున్నావు కదూ?"

"దేవుడి తోడు రూతమ్మా, నేను ముట్టుకోలేదు," అని మొహం మాడ్చుకున్నాడు.

గురువారం పొద్దున రోజూలాగే గొట్టంలో వేడెక్కించే తీగ పక్కన మెగ్నీషియం ముక్క పెట్టి, మూత బిగించకుండానే చేతులు కడుక్కోడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి మా గైడు వెంకటప్పయ్య మాస్టారు, ఫిజిక్సులో డాక్టరేటున్న మనిషి, గుప్పిట్లో రాళ్ల ఉప్పు పట్టుకుని గొట్టం చుట్టూ తిప్పుతున్నారు!

"మాస్టారూ!"

ఆయన ఉలిక్కిపడ్డారు. వేళ్ల సందుల్లోంచి నాలుగు గింజలు సరాసరి తీగ మీదికి రాలాయి.

"దిష్టి తీస్తున్నానమ్మా," అన్నారు నసుగుతూ. "పోయిన వారం బందరు నుంచొచ్చిన లెక్చరర్లు మిషన్ని కళ్లప్పగించి చూశారు. నీ ఫెలోషిప్పు పోకూడదని..."

"రోజూ తీస్తున్నారా?"

"రోజూ. ఒకటీ అరా గింజ రాలుతూనే ఉంది."

ఉప్పులో ఉండేది సోడియమే! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముందెళ్లి లాజరుకి క్షమాపణ చెప్పుకున్నాను. ముగ్గురం కలిసి గొట్టం కడిగి, తుడిచి, ఆరబెట్టాం. సాయంత్రానికి సోడియం మాయం. ఇరవై నాలుగు దగ్గర మెగ్నీషియం ఒక్కటే లేచింది.

మర్నాడు సంజీవరావు గారు ఆ గీత చూసి తలూపారు. వెనక పేజీలు తిప్పి మొహం చిట్లించారు. "వారం పాటు సోడియం ఎలా వచ్చిందమ్మా? కారణం రాయలేదే? ఇంత అశ్రద్ధయితే కష్టం."

చెప్తే మాస్టారి పరువు పోతుంది, చెప్పకపోతే నా చదువు పోతుంది.

"ఆ అమ్మాయి తప్పు కాదండీ." మాస్టారు లేచి నిలబడ్డారు. చెవులు ఎర్రబడ్డాయి. "నేను దిష్టి తీశాను. ఉప్పుతో."

సంజీవరావు గారు విరగబడి నవ్వారు. కళ్లు తుడుచుకుని పెన్ను నా చేతికిచ్చారు. "కారణం రాయండమ్మా. మాస్టారు చెప్పింది చెప్పినట్టే రాయండి." నేను రాసినదాని కింద 'ఇంకో ఏడాది' అని సంతకం చేశారు.

అంత పెద్దమనిషి నాకోసం నవ్వులపాలయ్యారు. మాస్టారి మొహం చూద్దామంటే కళ్లనిండా నీళ్లు, ఏమీ కనబడలేదు.