మేత సంచి పక్కన వల

పరిశోధన పత్రం సాయంత్రం ఐదింటికల్లా పంపాలి. అందులోని ఒకే ఒక్క అంకె మీద ప్రసూనకు ఆ ఉదయమే నమ్మకం పోయింది.

కొల్లేటి చెరువుల్లో విసురు వల వేసి, పడిన చేపలను బట్టి చెరువు మొత్తం బరువు చెప్పగల పనివాళ్ళు ఇరవై మంది. తాడేపల్లిగూడెం గుమస్తాలు ఇరవై మంది. అంచనా కట్టేటప్పుడు వీరి మెదళ్ళు వేరుగా పనిచేస్తాయా అన్నది ఆమె మూడేళ్ళ ప్రశ్న. అందరినీ ఏలూరు తీసుకువెళ్ళి స్కాన్ తీయించింది. మెదడులో ఒకచోట తేడా ఎర్రని మచ్చగా వెలిగింది. దాని చుట్టూ గీత గీసి, ఆ గీత లోపలే, ఆ స్కాన్లలోనే, తేడా ఎంతో కొలిచింది. చాలా పెద్దదే వచ్చింది.

ఉదయం పనివాళ్ళ సంతకాల కోసం బాపిరాజుగారి చెరువు గట్టుకు వెళ్ళినప్పుడు, స్కాన్‌కు వచ్చిన ఇరవై మందిలో ఒకడైన జోసెఫ్ వల భుజాన వేసుకుని గొణుగుతున్నాడు.

“నీళ్ళలో కట్టిన మేత సంచి పక్కనే వల వెయ్యమంటారండీ రాజుగారు. చేపలన్నీ అక్కడే మూగుతాయి కదండీ. దండిగా ఉన్నచోటే వేసి, చెరువంతా ఇలాగే ఉందంటే ఎలాగండీ?”

“నీకెందుకురా? వెయ్యమన్నచోట వెయ్యి,” అన్నారు గొడుగు కింద నుంచి బాపిరాజుగారు.

జోసెఫ్ నవ్వాడు. ప్రసూన నవ్వలేకపోయింది.

తాడేపల్లిగూడెం తిరిగివచ్చి కంప్యూటరు ముందు కూర్చుంది. ఎవరు పనివారో ఎవరు గుమస్తాలో ఇష్టం వచ్చినట్టు తారుమారు చేసి, ప్రతిసారీ మెదడంతా వెతికి, అతి పెద్ద మచ్చ ఎంతో లెక్క తీయించింది. వెయ్యిసార్లు. ఏ అర్థమూ లేని ఆ కలగాపులగంలో కూడా రెండువందల పదమూడుసార్లు తన మచ్చను మించినది వచ్చింది. వెయ్యిలో యాభై దాటినా చాలు, తేడా నిజమని ఎవరూ నమ్మరు.

ఆ లెక్క చూపిస్తే, ఆమె పరిశోధనకు గైడు సుబ్బరామయ్యగారు కళ్ళజోడు తీశారు.

“మచ్చ కంటికి కనబడుతోంది కదమ్మా?”

“కనబడ్డచోటే కొలిచామండీ.”

“అందరూ చేస్తున్నదే. నువ్వొక్కదానివే మడి కట్టుకు కూర్చుంటానంటే ఎలాగమ్మా?”

ఆయన మీద ఆమెకు కోపం రాలేదు. తెలియక చేసినదైతే తనను తాను క్షమించుకునేది. గీత గీసేటప్పుడే లోపల సందేహం కదిలింది. తరువాత చూద్దాంలే అని దాన్ని నొక్కిపెట్టింది తనే. తాను వెతికింది సత్యాన్నా, తనకు అనుకూలమైన సత్యాన్నా?

ఐదు దాటింది. పత్రం పంపలేదు. ఇక ఒక్కటే దారి: కొత్త మనుషులు, కొత్త స్కాన్లు, ముందుగా నిర్ణయించుకున్న అదే చోటు. జోసెఫ్‌కు ఫోన్ చేసింది.

“మళ్ళీ ఆ గొట్టంలో పడుకోవాలాండీ?”

“మీరు కాదు జోసెఫ్ గారూ. ఇదివరకు రానివాళ్ళు కావాలి, ఇరవై మంది. మీలాగా బరువు చెప్పగలిగేవాళ్ళు.”

“అలాంటోళ్ళం మావైపు ఉందే ఇరవై మందిమండీ. ఏరి ఏరి అందర్నీ మీరే తీసుకెళ్ళారు కదండీ.”

“పోనీ, ఒక పదిమందికి నేర్పగలరా?”

“నేర్పొచ్చండీ,” అన్నాడు జోసెఫ్. “నాలుగేళ్ళు పడుద్దండీ.”