గొర్రుకు మళ్లీ బొట్టు

ఎమ్మిగనూరు కాలేజీ నుంచి ఇంగ్లీషు పోటీకి ఒక్కరినే పంపుతారు. ఆ ఒక్కరూ తానే కావాలని, రోజూ నందవరం నుంచి ఆటోలో వచ్చే దీప పంతం. "బ్యాక్ టు స్క్వేర్ వన్" అనే మాట వాడి ఏదైనా చెప్పమన్నారు, ఎంపిక చేసే ఇంగ్లీషు సారు.

దీప లేచింది.

"వానల్లేక మేం విత్తిన వేరుశనగంతా ఎండిపాయె సార్. మా యమ్మ బ్యాక్ టు స్క్వేర్ వన్. మళ్లా విత్తనాలేసే గొర్రుకు పసుపు పూసి, బొట్టు పెట్టి, టెంకాయ కొట్టి విత్తింది."

క్లాసంతా గొల్లుమంది. "రెండోసారికి గూడా పూజనా మే?" అన్నాడు లోకేష్.

"ఊర్లోనూ ఇట్లే నవ్వినారు. రెండోసారని నేలకు నేను సెప్పను, మీరూ సెప్పొద్దండని అన్నది మా యమ్మ."

సారు తల అడ్డంగా ఊపారు. "పడిన కష్టమంతా పోయి మొదటికొచ్చినోళ్లు నిట్టూర్చి అనే మాటమ్మా అది."

"మొదటికొచ్చింది నిజమే సార్. నిట్టూర్చేదానికి మా యమ్మకు తీరిక యాడిది?"

సారు పోటీ కాగితం మీద దీప పేరు రాశారు. "మీ అమ్మ పేరేంది?" అని అడిగారు.

"ఎల్లమ్మ," అంది దీప, పక్క క్లాసుకు కూడా వినబడేలా.