ముళ్లబంతి మీద నేరం

అంగలకుదురు పూర్ణచంద్రరావుకు అనుమానం వచ్చిందంటే పెళ్లి బాజాలా ఊరంతా వినపడాల్సిందే. ఈసారి అనుమానం ముళ్లబంతి మీద.

రావు ఇంట్లోని ఉప్పునీటి అక్వేరియంలో పాచి తినడానికని బాపట్ల మార్కు మాస్టారు ఇచ్చిన సముద్రజీవి అది. బంతిలాంటి ఒంటినిండా ముళ్లు. ఎంత చూసినా తలేదో తోకేదో తేలదు. వీపు మీద మాత్రం ఎప్పుడూ సంత: గవ్వలు, గులకరాళ్లు, రావు భార్య మాణిక్యాంబ చేతిగాజు పగిలిన ముక్క.

"తొట్టిలో పెరిగే పగడాల జోలికి పోదండి," అని మాస్టారు హామీ ఇచ్చాడు. అన్నట్టే పాచినంతా నున్నగా గీకేసింది. మరి గీకేశాక ఏం తింటుంది? రావుకు అనుమానం అక్కడ మొదలైంది.

రేపల్లె నుంచి వచ్చిన బావమరిది సాంబశివరావు ఆ నిప్పు ఎగదోశాడు.

"మా వైపు ఇలాంటిదొకటి వలలో పడి, వలా పడవా తెడ్డూ తినేసింది బావా. జాలరొక్కడే మిగిలాడు. అదీ చుట్ట కంపు కొట్టబట్టి."

"నువ్వు చూశావంట్రా?" అంది మాణిక్యాంబ.

"చూసినోణ్ణి చూశానక్కా."

మర్నాడు పొద్దున్నే చూస్తే ఆకుపచ్చ పగడం లేదు. అది మాస్టారిచ్చిన పిలక. ఆయన తొట్టిలో ఉన్న తల్లి పగడం ఆమధ్య చచ్చిపోయింది. అప్పుడు, ఇందులోంచి ఓ ముక్క తిరిగిస్తానని రావు మాటిచ్చాడు. ఇప్పుడు ఏ మొహంతో చెబుతాడు?

ఆలోచించగా ఆలోచించగా తప్పు మాస్టారి వైపు జరిగింది. 'ఆ తల్లి పగడాన్నీ ఇదే తినుంటుంది. తెలిసే నాకంటగట్టాడు.'

వంటింటి జల్లెడతో ముళ్లబంతిని సంతతో సహా ఎత్తి, ఉప్పునీళ్ల బకెట్లో వేసుకుని బాపట్ల బస్సెక్కాడు.

"ఏంటి బాబాయ్ అది?" అంది పక్క సీటావిడ.

"పగడాలు తినే రాకాసమ్మా. పొన్నూరు దాటేలోగా బకెట్ తినకపోతే మన అదృష్టం."

ఆవిడ కాళ్లు పైకి లాక్కుంది.

మార్కు మాస్టారు బకెట్ అందుకుని కిటికీ దగ్గర బల్ల మీద పెట్టి, కాఫీ తెచ్చాడు. రావు గ్లాసు ముట్టలేదు.

"మాస్టారూ, మీ తల్లి పగడం ఎట్లా పోయింది?"

"నీళ్లు వేడెక్కి పోయిందని చెప్పాను కదండి."

"ఇది తిని పోలేదూ?"

మాస్టారి మొహం చిన్నబోయింది. "నేను మీకు దొంగనిచ్చి పంపానంటారా?"

రావు బకెట్లోకి చూశాడు. నీళ్లు తేటపడ్డాయి. ముళ్లబంతి నెత్తిన ఉన్న గులకరాళ్లలో ఒకటి మెల్లగా కళ్లు తెరుస్తున్నట్టు ఉబ్బింది. దాని మీద ఒక్కో చుక్కా విచ్చుకుంటూ ఆకుపచ్చటి పూత పట్టింది. ముడుచుకున్నంతసేపూ రాయిలా ఉన్న పగడం అది.

"రావుగారూ," అన్నాడు మాస్టారు నెమ్మదిగా, "ఈ పగడాన్ని రాయికి ఏ జిగురుతో అంటించారు?"

"జిగురేంటి? నాటాను."

"నాటారా?"

"బొటనవేలితో ఇసకలోకి నొక్కి. ఇన్నేళ్లు వరి నాట్లు వేయించినోణ్ణి, నాకు తెలీదా? నాలుగు రోజులాగితే అదే వేరు పట్టుకుంటది."

"దానికి వేరెక్కడుందండి? వదులుగా ఏది దొరికినా ఈ ముళ్లబంతి నెత్తికెత్తుకుంటుంది. తినడానిక్కాదు, కప్పుకోవడానికి. పాచి అయిపోయిందంటే పాపం దానికి ఆకలి కూడానూ. ఎండు సముద్రపు నాచు పెట్టండి."

తప్పయిందనడం రావుకు చిన్నప్పట్నుంచీ రాదు. చల్లారిన కాఫీ గటగటా తాగి, "కాఫీ బాగుంది మాస్టారూ," అన్నాడు.

మాస్టారు ఆయన్నోసారి చూసి, పగడాన్ని తీసి రెండు ముక్కలు చేశాడు. ఒకటి తన తొట్టిలో అంటించుకున్నాడు. రెండోదాన్ని ఓ రాతిబిళ్లకు అంటించి, బకెట్లో వేసి, మిగిలిన జిగురు రావు జేబులో పెట్టాడు.

"ముళ్లబంతిని తీసుకెళ్తారా, ఉంచేస్తారా?"

"నా బంతి నాకిచ్చెయ్యండి."

తిరుగు బస్సులో బకెట్ ఒళ్లోనే పెట్టుకున్నాడు. ఎవరడిగినా, పగడాన్ని నెత్తిన మోసిన మహానుభావుడని చెప్పాడు. పొన్నూరు దగ్గరపడేసరికి మాత్రం ఇంకో అనుమానం పట్టుకుంది.

మరి రేపల్లెలో ఆ పడవనెవరు తిన్నట్టు?