కొంగల్ని తోలే మాట

నేను ఒక ఇంగ్లీషు-తెలుగు నిఘంటువును. అట్టలు ఊడిపోయి, నడుముకు గుడ్డపట్టీ వేయించుకున్న ముసలిదాన్ని. మాట అర్థమే కాదు, దాని పుట్టుక కూడా చెబుతానని ఒకప్పుడు నాకు మహా గర్వం. బెజవాడలో నన్ను అచ్చు వేసినాయన, నేను అమ్ముడుపోక, పచ్చళ్ల వ్యాపారంలోకి దిగాడు. ఏం చేస్తాం! మనుషులకు ఆవకాయ ముఖ్యం.

చేతులు మారి మారి భీమవరం దగ్గర ఒక హైస్కూల్లో, ఇంగ్లీషు చెప్పే కనకవల్లి టీచరు బల్ల మీదికి చేరాను. ఆవిడదో వింత పద్ధతి. ఏ మాట పుట్టుకను ఏ పిల్ల తన సొంత మాటల్లో చెబితే, నాలో ఆ మాట పక్కన ఆ పిల్ల చేత పెన్సిలుతో పేరూ, క్లాసూ, చెప్పిన సంగతీ రాయించేది. "ఇక ఈ మాట నీదేనే" అనేది. ఒళ్లంతా పాడుచేస్తున్నారని మొదట్లో తెగ గింజుకున్నాను. తర్వాత అలవాటైపోయింది.

ఒకరోజు 'ఎక్స్‌పెల్' వంతు వచ్చింది. రోమువాళ్ల పాత భాషలో కొట్టి బయటికి తోలడమని నాలో ఉంది. ఊపిరి వదలడానికీ, మనిషిని వెళ్లగొట్టడానికీ అదే మాట. క్లాసంతా బిక్కమొహం వేసింది. వెనక బెంచీలోంచి నూకరత్నం లేచింది.

"మా చేపల చెరువు మీద కొంగలు వాలితే మా నాన్న డబ్బా కొట్టి తోలేత్తాడండీ. అదేనాండీ?"

టీచరు మురిసిపోయి పెన్సిలు చేతికిచ్చింది.

మరుసటేడు ఆ నాన్న పక్షవాతంతో మంచాన పడ్డాడు. పదో తరగతికొచ్చిన నూకరత్నం తల్లితోపాటు రొయ్యలు వలిచే షెడ్డుకు వెళ్లసాగింది. బడికి వారంలో రెండు రోజులు వస్తే గొప్ప. హెడ్‌మాస్టరు సర్వారాయుడు చెడ్డవాడేం కాదు. నూటికి నూరుమందీ పాసవ్వాలని పైవాళ్లు పీక మీద కూర్చున్నారు పాపం.

"ఆ పిల్ల ఎలాగూ తప్పుద్ది. ఎక్స్‌పెల్ చేసినట్టు ఇంటికి ఉత్తరం రాసెయ్యండి టీచరుగారూ. ఇంగ్లీషులో అయితే పద్ధతిగా ఉంటది."

అక్షరం ముక్క రాని తల్లికి ఇంగ్లీషు ఉత్తరం! నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

కనకవల్లి వాదించలేదు. నన్ను ఆయన ముందుకు జరిపింది. "నా చేత్తో రాయలేనండీ. ఆ మాటేదో చూసుకుని మీరే రాయండి."

ఆయన నన్ను తెరిచాడు. నా చేతనైతే ఆ పేజీలు రెండూ అతుక్కుపోయేవి. నా మాటతోనే నా పిల్లను తోలేస్తారా అని కుమిలిపోయాను. ఆయన వేలు కిందికి జారి అంచు దగ్గర ఆగింది. 'నూకరత్నం, 9 బి. చెరువు మీద కొంగలు.'

"ఈ పిల్లేనా?"

"ఆ పిల్లేనండీ. నలభైమందిలో చెప్పింది అదొక్కతే. రోజూ షెడ్డు నుంచి తిన్నగా మా ఇంటికి రమ్మంటాను, నేను చదివిస్తాను. అది పరీక్ష తప్పితే ఆ మాట నేను పడతాను."

ఆయన ఆ పేరు మరోసారి చదివాడు. తర్వాత బల్ల మీది పెన్సిలు తీసుకున్నాడు.

మార్చి పరీక్షల్లో నూకరత్నం గట్టెక్కింది. ఇంగ్లీషులో ముప్పై ఎనిమిది. ఆ ముప్పై ఎనిమిదిని హెడ్‌మాస్టరు ఊరంతా చెప్పుకుని తిరిగాడు.

ఇప్పుడు నేను బీరువా అడుగున ఉన్నాను. అందరికీ ఫోన్లున్నాయి, నన్నెవరు తీస్తారు! తీస్తే మాత్రం ఆ పేజీ చూడండి. నూకరత్నం పేరు పక్కన తొమ్మిదిని కొట్టేసి, హెడ్‌మాస్టరు ఆ రోజే తన చేత్తో పది అని రాశాడు.