నీరో అయ్యాడా?

“నీరో అయ్యాడా?” అని అడిగాడు యోగానంద్, ఉప్మా అయిందా అని అడిగినట్టే.

“ఇంకా లేదండీ” అంది శ్యామసుందరి, కాలరు మీద నుంచి ఇస్త్రీపెట్టె తీయకుండానే. శనివారం పొద్దున్న సోమవారం నుంచి శుక్రవారం దాకా సరిపడా ఐదు చొక్కాలు ఇస్త్రీ చెయ్యాలి. చేతులు చొక్కాల మీద ఉన్నా బుర్ర రోములో ఉంది. మూడో చొక్కా అయ్యేసరికి నీరో తల్లిని చంపించాడు. నాలుగో చొక్కాకి ఊరు తగలబడింది. ఐదోది అయ్యేలోపు వాడు కూడా చస్తే, కుక్కర్ పెట్టేసి రాయడానికి కూర్చోవచ్చు.

“సాయంత్రానికి ఇచ్చెయ్. రేపు లక్ష్మీనారాయణ అంకుల్ తెలుగు సంఘం పత్రికని జిరాక్స్‌కి తీసుకెళ్తారు. ఊరు తగలబడుతుంటే వాడు ఫిడేలు వాయించుకుంటూ కూర్చున్నాడంటారు చూడు, అది వెయ్యి. జనానికి నచ్చుద్ది.”

“అది నిజం కాదంటారండీ. మంటలు మొదలైనప్పుడు వాడు అసలు ఊళ్ళోనే లేడట.”

“నిజం ఎవడిక్కావాలి శ్యామా, చదవడానికి బాగుండాలిగానీ” అని కాఫీ కప్పు ఇస్త్రీబల్ల చివరన పెట్టి వెళ్ళిపోయాడు. సింకు అక్కడికి నాలుగడుగులు.

అది తొంభై తొమ్మిది అక్టోబరు. క్వేకర్స్ హిల్‌లో అద్దె ఇల్లు. యోగానంద్ సిడ్నీలో ఒక బ్యాంకులో పాత ప్రోగ్రాములన్నీ వెతికి, రెండంకెల సంవత్సరాలను నాలుగంకెలు చేసే ఉద్యోగంలో ఉన్నాడు. రెండు వేల సంవత్సరం వస్తే లోకంలోని కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని, వాటిని ఆపకుండా ఉంచే బాధ్యత తనతోపాటు ఇంకో పదిమంది నెత్తిన పడిందని అతని నమ్మకం. అందుకే ఇంట్లో ఏ మాటకైనా ఒకటే జవాబు, “వై టూ కే అయ్యాక చూద్దాం.” వాషింగ్ మెషీన్ నీళ్ళు కారుతోందంటే వై టూ కే అయ్యాక. శ్యామసుందరి డ్రైవింగ్ నేర్చుకుంటానంటే వై టూ కే అయ్యాక. టీచరు ట్రైనింగుకి యూనివర్సిటీకి అప్లై చేస్తానంటే, “చెయ్యి, చెయ్యి. ఎలాగూ వై టూ కే అయ్యాకే కదా” అన్నాడు. ఆ మాటను ఆమె సరేననడం కింద తీసుకుంది. పిచ్చిది.

శ్యామసుందరి తెనాలిలో ఆడపిల్లల జూనియర్ కాలేజీలో ఏడేళ్ళు చరిత్ర చెప్పింది. ఇక్కడ బ్లాక్‌టౌన్ దగ్గర మందుల గోడౌన్‌లో అట్టపెట్టెలు సర్దుతుంది. రోము గొడవ ఉగాది విందులో మొదలైంది. కూతురు లిఖితకు స్కూల్లో రోమన్ చక్రవర్తుల మీద ప్రాజెక్టు ఇస్తే, ముందు రోజు వంటింట్లో చపాతీలు ఒత్తుతూ ఆ కథలన్నీ చెప్పింది. యోగానంద్ హాల్లో కూర్చుని విన్నట్టున్నాడు. మర్నాడు పదిమందిలో, “చక్రవర్తుల గుణాలూ దోషాలూ మన సంఘం పత్రికకి నేను రాస్తాను లెండి” అనేశాడు. ఇంటికొచ్చి, “నీకు తెలిసిందేగా, రాసి పడెయ్” అన్నాడు. ఆ రోజుల్లో కంప్యూటర్లో తెలుగు కొడితే అక్షరం ఒకచోట, ఒత్తు ఇంకోచోట పడేవి. అందుకని పత్రిక మొత్తం చేత్తో రాసి జిరాక్స్ తీసేవాళ్ళు. ఆ రాత శ్యామసుందరిదే. ముత్యాల్లాంటి అక్షరాలని అందరూ మెచ్చుకునేవాళ్ళు. రాసిన విషయం మాత్రం ఆయనదనుకునేవాళ్ళు. పేజీ పైన అతికించడానికి యోగానంద్ ఎలాగో తంటాలు పడి ఆఫీసు నుంచి ఓ పెద్ద చీటీ ప్రింటు తీసుకొచ్చాడు: ‘రచన: యోగానంద్’. మొదటిసారి ఆమె అడిగింది, అడక్కపోలేదు. “మనిద్దర్లో ఎవరి పేరుంటే ఏంటి శ్యామా, ఒకటే కదా” అన్నాడు, ఎంతో ప్రేమగా.

ఒకటే కాబోలనుకుంది. సంఘం విందుల్లో పులిహోర వడ్డిస్తూ, “యోగానంద్ గారూ, ఆఫీసులో అంత పని పెట్టుకుని ఇదంతా ఎప్పుడు చదువుతారండీ?” అని అడిగేవాళ్ళను వినేది. “ఏదో, టైం చేసుకోవాలి” అనేవాడాయన. ఆయన టైం ఎలా చేసుకుంటాడో ఆమెకు బాగా తెలుసు. గోడౌన్ నుంచి వచ్చే రైల్లో నిలబడి లైబ్రరీ పుస్తకం చదవడం, ఉల్లిపాయలు వేగేలోపు ఒక పేరా, పప్పు మెదిపేలోపు ఇంకో పేరా కూర్చుకోవడం, అంతే. గుణాలూ దోషాలూ రాయడానికి కాగితం మధ్యలో గీత గీసిన ప్రతిసారీ ఆమెకో చిక్కు వచ్చిపడేది. ఆగస్టస్ ఎంత నిరాడంబరుడో చెబుతూ, అంతటి చక్రవర్తి ఇంట్లో నేసిన బట్టలే కట్టేవాడని పుస్తకంలో ఉంది. ఎవరు నేసేవాళ్ళయ్యా అంటే, భార్య, చెల్లెలో అక్కో, కూతురు, మనవరాళ్ళు. వాళ్ళు ఉన్ని వడికితే గుణం ఆయనకొచ్చింది. ఓర్పు గురించి ఎన్నో గొప్ప మాటలు చెప్పిన మార్కస్ ఆరీలియస్ భార్యకు పద్నాలుగు మంది దాకా పిల్లలు పుడితే, అందులో సగం మందికి పైగా చిన్నతనంలోనే పోయారు. ఓర్పు మాత్రం ఆయన పేరు మీదే ఉంది. “యోగానంద్ గారు ఎంత సింపులండీ, ఇంటి భోజనం తప్ప బయట మెతుకు ముట్టరు” అని సంఘంలో మెచ్చుకున్న ప్రతిసారీ శ్యామసుందరికి ఆ ఉన్నిబట్టలు గుర్తొచ్చేవి. పొద్దున్నే లేచి మూడు గిన్నెల క్యారియర్ కట్టే చేతులు నొప్పి పుట్టేవి.

“మమ్, వర్ దేర్ ఎనీ గుడ్ వన్స్?” అని అడిగింది లిఖిత ఒకసారి.

“ఎందుకు లేరమ్మా. ఇంట్లోవాళ్ళని అడక్కపోతే చాలామందే ఉన్నారు.”

ఈ రాతల వెనక ఉన్నది ఆమేనని కనిపెట్టింది రహీమా ఒక్కతే. కర్నూలు మనిషి, గోడౌన్‌లో ఆమె పక్క బల్ల దగ్గరే పని. టీ టైంలో పత్రిక తిరగేసి నవ్వింది. “ఇది మీ ఆయన రాసింది కాదులే శ్యామా. గుడ్డ నెయ్యాలంటే ఎన్ని పూటలు పడ్తాదో, నడుము యాడ పట్టుకుంటాదో రాసినావు. మగోనికి అది యాడ తెల్సు?”  ఆ పూట శ్యామసుందరికి అట్టపెట్టెలు తేలిగ్గా అనిపించాయి.

జనవరి ఒకటి వచ్చింది. ఏమీ ఆగలేదు. లైట్లు వెలిగాయి, రైళ్ళు నడిచాయి, వాషింగ్ మెషీన్ ఎప్పటిలాగే కారింది. రెండో వారంలో యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది. టీచరు ట్రైనింగులో ఒక ఏడాది కోర్సుకి సీటు. చేరుతున్నట్టు జనవరి ఇరవై ఒకటిలోగా సంతకం పెట్టి పంపాలి, లేకపోతే సీటు ఇంకొకరికి.

“మంచిదే” అన్నాడు యోగానంద్, ఉత్తరాన్ని ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద పెడుతూ. “కానీ ఈ ఏడాదా? సంఘంవాళ్ళు మన వ్యాసాలు పుస్తకంగా వేద్దామంటున్నారు. ఇంకో పన్నెండుమంది చక్రవర్తులు కావాలి. ఫెయిర్ కాపీ అంతా నువ్వే రాయాలాయె. నువ్వు కాలేజీకి పోతే అదెవరు చూస్తారు? చదువెక్కడికీ పోదు శ్యామా. పుస్తకం అయ్యాక చూద్దాం.”

వై టూ కే పోయి పుస్తకం వచ్చింది. నాలుగు రోజుల్లో ఉత్తరం మీద పిజ్జా కూపన్లు చేరాయి.

ఆ వారమే ఆమె జనవరి సంచికకు గేటా కథ రాసింది. గేటా, కారకల్లా అన్నదమ్ములు. తండ్రి పోయాక ఇద్దరూ కలిసి చక్రవర్తులయ్యారు. ఏడాది తిరక్కుండానే అన్న కారకల్లా తమ్ముడు గేటాను చంపించాడు. ప్రాణం దక్కించుకోవడానికి తల్లి ఒళ్ళోకి వచ్చిపడితే, ఆ ఒళ్ళోనే పొడిచారు. ఆ తల్లిని ఏడవనివ్వలేదట. ఏడవకపోవడం చాలదన్నట్టు, ఏదో శుభం జరిగినట్టు నవ్వు మొహంతో తిరగాల్సొచ్చిందట. అక్కడ శ్యామసుందరి కలం ఆగిపోయింది. కాలేజీకి రాజీనామా ఇచ్చి విమానం ఎక్కిన రోజు ఆమె ఏడ్చింది. “శుభమా అని బయల్దేరుతుంటే ఆ ఏడుపేంటి, ఎవరో పోయినట్టు” అన్నాడు యోగానంద్. “మొహం తుడుచుకోవే అమ్మాయ్, ఫోటోలో పడుద్ది” అంది అత్తగారు శేషుకుమారి. తుడుచుకుంది. ఆ ఫోటో ఇప్పటికీ హాల్లో ఉంది. అందులో అందరికన్నా బాగా నవ్వుతున్నది తనే. ఏడేళ్ళు నిలబడి పాఠం చెప్పిన మనిషి నిజంగానే పోయింది, ఆమెకోసం ఎవరూ ఒక్క పూటైనా ఏడవలేదు. శ్యామసుందరి కాగితాలు తడవకుండా పక్కకు జరిపి, వంటింటి బల్ల మీద తల పెట్టుకుని కరువుతీరా ఏడ్చింది.

మొహం కడుక్కుని మిగతాది రాసింది. గేటా పేరు ఎక్కడా మిగలకూడదని అన్న ఆజ్ఞ వేశాడు. రాతి మీద పేర్లు ఉలితో చెక్కేశారు. అమ్మా నాన్నా ఇద్దరు పిల్లలూ ఉన్న కుటుంబచిత్రంలో ఒక్క మొహం మాత్రం గీకేశారు. కానీ చెక్కేసిన చోట రాయి గుంటపడుతుంది. అక్కడ ఎవరో ఉండాలని చదువు రానివాడికి కూడా తెలుస్తుంది.

ఆ వాక్యం రాసి, కలం మూత పెట్టి, చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది. తర్వాత పేజీ పైన ‘రచన: యోగానంద్’ చీటీ అతికించింది. లిఖిత పెన్సిల్ బాక్సులోంచి వైట్‌నర్ తీసింది. ‘రచన:’ అన్న మాటను ఉంచి, పక్కనున్న పేరును ఒక్కో అక్షరమే నెమ్మదిగా కప్పేసింది. ఆ చోట తన పేరు రాసుకోవచ్చు. రాయాలనిపించలేదు. కాగితాలు కవర్లో పెట్టి లక్ష్మీనారాయణ అంకుల్‌కి అందజేసింది. ఆయన ధ్యాసంతా ఎప్పుడూ స్టేపుళ్ళు సరిగ్గా పడ్డాయా లేదా అన్నదాని మీదే.

ఇరవయ్యో తేదీన గోడౌన్‌లో టీ టైంలో యూనివర్సిటీ కాగితం బల్ల మీద పరిచింది. పేరు అని ఉన్నచోట అదే ముత్యాల రాతతో, ఇంగ్లీషులో, తన పేరు నిండుగా రాసింది. పోస్టుతో ఆలస్యమవుతుందేమోనని రహీమా ఆఫీసులో బతిమాలి ఫ్యాక్స్ చేయించింది. ఆ రాత్రి అన్నాలు తింటుండగా, “కోర్సుకి ఒప్పుకున్నానండీ, కాగితం పంపేశాను” అంటే, యోగానంద్ పెరుగు వేసుకుంటూ, “సర్లే, అది తర్వాత మాట్లాడదాం” అన్నాడు.

జనవరి ఇరవై ఆరున కమ్యూనిటీ హాల్లో సంఘం భోజనాలు. పత్రికలు చేతులు మారాయి. శ్యామసుందరి గుత్తివంకాయ వడ్డిస్తోంది. లక్ష్మీనారాయణ అంకుల్ కళ్ళజోడు సర్దుకుని, పేజీని వెలుతురుకు పెట్టి చూశారు. వైట్‌నర్ అంచు జిరాక్స్‌లో సన్నటి గీతలా పడి, ఖాళీ చుట్టూ గడి గీసినట్టుంది.

“అమ్మా శ్యామా, ఈసారి అదరగొట్టారమ్మా, ఆ తల్లి గురించి చదువుతుంటే కళ్ళంట నీళ్ళొచ్చినై. కానీ పేరు పడలేదేంటమ్మా? ఎవరు రాసినట్టు?” అని గట్టిగా అడిగారు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు పేజీలు తిప్పి చూశారు. ఎప్పట్లాగే, జవాబు కోసం యోగానంద్ ఆమె వైపు చూశాడు.

“ఎవరి పేరుంటే ఏంటి అంకుల్, ఒకటే కదా అన్నారు మీ యోగానంద్ గారు. ఒకటే అయినప్పుడు ఎందుకని, ఎవరిదీ పెట్టలేదు” అంది శ్యామసుందరి. గరిటె దించలేదు. యోగానంద్ కంచంలో ఇంకో వంకాయ వేసి, పక్క కంచానికి వెళ్ళింది. వెనక ఎవరో ఆడమనిషి చిన్నగా నవ్వింది.

కారులో ఇంటికి బయల్దేరారు. వెనక సీట్లో లిఖిత నిద్రపోతోంది. సిగ్నల్ దగ్గర కారు ఆగగానే యోగానంద్, “రేపట్నుంచి అందరూ ఫోన్లు చేసి అడుగుతారు శ్యామా. ఇది ఎవరు రాశారంటే నేనేం చెప్పాలి?” అన్నాడు. గొంతులో కోపంకన్నా బెదురే ఎక్కువుంది.

శ్యామసుందరికి ఒళ్ళంతా అలసటగా ఉంది. పన్నెండేళ్ళ కాపురంలో ఆయన అడిగిన ప్రతిదానికీ జవాబు వెతికి, ఫెయిర్ కాపీ రాసి, చేతికిచ్చింది. ఈ ఒక్కటి ఆయన్నే రాసుకోనివ్వాలనుకుని, కిటికీ అద్దానికి తల ఆనించి కళ్ళు మూసుకుంది.