ఏడో ప్రశ్న

మా అక్క నాటకాలు వేస్తుంది, బొమ్మలు గీస్తుంది, వలసొచ్చిన పెద్దవాళ్ళ కబుర్లు రికార్డు చేసి వాటికి డాన్స్ కూడా చేస్తుంది. "ఇంతకీ నీ ఉద్యోగం ఏంటే?" అని అమ్మమ్మ ఇప్పటికీ అడుగుతుంది. ఈసారి షో అమ్మమ్మ మీదే! ఈ దేశం వచ్చినప్పుడు ఇమిగ్రేషన్ ఆఫీసర్ అడిగిన పది ప్రశ్నలు, అమ్మమ్మ పది జవాబులు. లైబ్రరీ మేడమీద హాలు, నలభై కుర్చీలు, నాలుగున్నరకి షో.

మూడింటికి అక్క తల పట్టుకుని కూర్చుంది. ఎన్నిసార్లు అడిగినా అమ్మమ్మవి అవే జవాబులు, అదే వరస! ఒక్కటి తడబడినా వెనక్కి పంపేస్తారని తాతయ్య అప్పట్లో నెల రోజులు బట్టీ పట్టించాడట. నలభై ఏళ్ళైనా ఒక్క ముక్క కదల్లేదు.

"ఇది పరీక్ష పేపర్ అమ్మమ్మా, నీ కథ కాదు. నీ సొంత మాట ఒక్కటైనా లేకపోతే షో ఆపేస్తా."

"ఆపెయ్. కుర్చీలు మడిచేసి ఇంటికెళ్ళి పడుకుందాం."

సరే, రిహార్సల్ మొదలు. ఆఫీసర్ గొంతుతో అక్క రికార్డు చేసిన ప్రశ్నల్ని లాప్‌టాప్‌లో నేను నొక్కాలి. ఒకటైంది, రెండైంది, కంగారులో నా వేలు మూడు బదులు ఏడు మీద పడింది!

"అక్కడ ఏం పని చేసేవారు?"

అమ్మమ్మ నోటిదాకా వచ్చింది మూడో జవాబు. అది అతకలేదు.

"లారీ నడిపేదాన్ని," అనేసి గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

లారీనా?! ఏడో జవాబు "కుట్టుపని సార్" కదా! మా అమ్మమ్మకి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు.

"ఆడది లారీ నడిపిందంటే నమ్మరు, అబద్ధమనుకుంటారు అన్నాడు మీ తాత," అంది మెల్లగా. "ఇప్పుడు చెప్తే కాగితాలు లాగేసుకోరు కదే?"

"ఆ ఆఫీసర్ ఈపాటికి మనవల్ని ఎత్తుకు తిప్పుతుంటాడు అమ్మమ్మా! అయినా నీ ఇష్టం. కుట్టుపని అన్నా సరే, షో ఆపను."

నాలుగున్నర. హాలు నిండిపోయింది! ఆరు జవాబులూ పొల్లుపోకుండా అప్పజెప్పింది. ఏడు నొక్కాను. అక్క స్క్రిప్టు పట్టుకుని పక్కనే నిలబడింది.

అమ్మమ్మ లేచి, కుర్చీని జనం వైపు తిప్పి, చీర కొంగు బొడ్లో దోపి కూర్చుంది.

"లారీ నడిపేదాన్ని సార్. ఇదిగో క్లచ్, ఇదిగో గేరు. ఏమే, అలా చూస్తావేం? రివర్స్ తీస్తున్నా, క్లీనరువి నువ్వే!"

అక్క స్క్రిప్టు విసిరేసి అమ్మమ్మ వెనక్కి పరిగెత్తింది. కుర్చీ వీపు మీద దబదబా కొడుతూ, ఏడుస్తూ, నవ్వుతూ, అరిచింది: "రానీ... రానీ... రానీ!"